ఎకో నార్మల్ అయితే ఆ అదనపు దారి ఎక్కడున్నట్టు?

ప్రశ్న: మాది పలమనేరు. మా అమ్మాయికి 16 ఏళ్లు. ఉన్నట్టుండి గుండె దడ మొదలై పావుగంటకు అదే తగ్గిపోతుంది. ఈసీజీ చూసి డబ్ల్యూపీడబ్ల్యూ (గుండెలో కరెంటుకు అదనపు దారి ఉండే జబ్బు) అన్నారు. ఎకో నార్మల్. అల్ట్రాసౌండ్‌తోనే కరెంటు దారిని కనిపెట్టొచ్చని చదివాం. తొడలోంచి వైర్లు పంపే పరీక్ష తప్పదా?

జవాబు: మీరు చదివింది నిజమే. కానీ అది మామూలు ఎకో కాదమ్మా. ఎకోలో కవాటాలు, గోడలు, పంపింగ్ కనిపిస్తాయి. పైగది నుంచి కిందిగదికి కరెంటును అడ్డదారిన దాటించే కండర పోగు చాలా సన్నం, అందులో కనపడదు. అలాగని ఎకో వృథా కాలేదు. ఈ సమస్యతో పాటు కొందరిలో ఉండే ఎబ్‌స్టీన్ కవాట లోపం లేదని తేలింది.

మీరు చదివిన పద్ధతి ఎలక్ట్రోమెకానికల్ వేవ్ ఇమేజింగ్, న్యూయార్క్ కొలంబియా యూనివర్సిటీది. కరెంటు తాకిన కొన్ని మిల్లీసెకన్లకే కండరం బిగుస్తుంది. సెకనుకు 2000 ఫ్రేములు తీసి, ఏ చోటు ముందు బిగిసిందో రంగుల మ్యాపు గీస్తారు. కిందిగదుల్లో అన్నిటికంటే ముందు కదిలిన చోటే అడ్డదారి దిగేచోటు. 2020లో 55 మంది మీద వెలువడిన అధ్యయనంలో, రకరకాల లయ లోపాల చోటును ఇది 96 శాతం సరిగ్గా చెప్పింది. ఈసీజీ లెక్క 71 శాతం.

చోటు ముందే తెలిస్తే మేలే. దారి ఎడమవైపుంటే చాలాసార్లు గదుల మధ్య గోడకు చిన్న రంధ్రం చేసి వైరును పంపాలి. ఏవీ నోడ్ (కరెంటు కిందికి దిగే మామూలు దారి) పక్కనే ఉంటే, అడ్డదారిని కాల్చే వేడికి బదులు చల్లబరిచే క్రయో వాడతారు, ఎందుకంటే నోడ్ దెబ్బతింటే పేస్‌మేకర్ పెట్టాల్సి వస్తుంది. అయితే ఆ మ్యాపు దారిని కాల్చలేదు, అది ఎంత వేగంగా కరెంటు పంపుతుందో చెప్పలేదు. ప్రమాదమంతా ఆ వేగంలోనే ఉంది. 250 మిల్లీసెకన్లలోపే మళ్లీ మళ్లీ కరెంటు దాటించగల దారి ప్రాణాంతకం కావచ్చు. అది తేల్చేది మీరడిగిన తొడలోంచి వైర్లు పంపే పరీక్షే, దాన్నే ఈపీ స్టడీ అంటారు. తేలగానే అప్పుడే అబ్లేషన్, అంటే ఆ దారిని కాల్చేయడం, చేసేయొచ్చు. కొత్త స్కాన్ ఇంకా రోజువారీ వైద్యంలోకి రాలేదు, దానికోసం ఆగకండి.

ఈలోగా దడ వస్తే, పాపను సగం వాల్చి కూర్చోబెట్టి 10 ఎంఎల్ సిరంజిలోకి పిస్టన్ కాస్త కదిలేంత గట్టిగా 15 సెకన్లు ఊదించండి. వెంటనే వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు 45 డిగ్రీలు ఎత్తి మరో 15 సెకన్లు పట్టుకోండి. కళ్లు తిరిగినా, ఛాతీ నొప్పి వచ్చినా ఇవేమీ వద్దు, 108కి ఫోన్ చేయండి. ఏ డాక్టర్‌కైనా జబ్బు తెలిసేలా ఈసీజీ జిరాక్స్ ఎప్పుడూ వెంట ఉండాలి. ఈ జబ్బులో దడ క్రమం తప్పి కొట్టుకుంటున్నప్పుడు వెరాపమిల్, డిగాక్సిన్ అనే మందులు ఇస్తే ముప్పు.

తిరుపతి స్విమ్స్ కార్డియాలజీ ఓపీలో పాత ఈసీజీలన్నీ చూపించండి. ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందా అని అక్కడి వైద్యమిత్రను అడగండి. దడ మాత్రలు వేస్తుంటే పరీక్షకు ఎన్ని రోజుల ముందు ఆపాలో డాక్టర్‌నే అడగాలి. మాత్ర ప్రభావం మిగిలుంటే దారి బయటపడకపోవచ్చు.