ట్రిప్స్‌లో వెసులుబాట్లు ఉన్నా పేద దేశాలకు మందులు ఎందుకు అందడం లేదు?

పేటెంట్, కాపీరైట్ లాంటి హక్కులపై ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీఓ) ఒప్పందమైన ట్రిప్స్‌లోనే వెసులుబాట్లు ఉన్నాయంటారు కదా, మరి లోపం ఎక్కడుంది, ఏం మార్చాలి అని అడిగారు.

నేను కొన్నేళ్లు ఒక జనరిక్ మందుల కంపెనీలో పేటెంట్ సెర్చ్ చేశాను. ఏ మందుకి ఏ దేశంలో ఎప్పటిదాకా పేటెంట్ ఉందో వెతికి పట్టిక వేయడమే నా పని. ఆ పట్టికలతో గడిపాక నాకు గట్టిగా అనిపించింది ఒకటే: వెసులుబాటు ఇవ్వడం వేరు, దాన్ని వాడుకోగలిగేలా రాయడం వేరు.

చేరిన కొత్తలో ఒక మందుకి ఒక పేటెంట్, 20 ఏళ్లు, అంతే అనుకున్నాను. తీరా చూస్తే మాలిక్యూల్‌కి ఒకటి, దాని సాల్ట్ (లవణ) రూపానికి ఒకటి, క్రిస్టల్ రూపానికి మరొకటి. చివరికి రోజుకి ఎన్నిసార్లు వేసుకోవాలన్నదానికి కూడా! కొన్ని దేశాల గళ్లలో ఇవన్నీ నిండిపోయి ఉండేవి, కొన్నిటిలో ఖాళీ. ఆ తేడా చాలావరకు పేటెంట్ ఆఫీసుల వల్లే. దక్షిణాఫ్రికాలో చాలాకాలం కాగితాలు సరిగ్గా ఉన్నాయా అనే చూశారు, కొత్తదనం ఉందా అని పరీక్షించలేదు. భారత్ మాత్రం 2005 సవరణలో సెక్షన్ 3(డి)ని కట్టుదిట్టం చేసింది. తెలిసిన పదార్థానికి కొత్త రూపం తెస్తే చాలదు, మందుగా అది ఇంకా బాగా పనిచేయాలి. 2013లో సుప్రీంకోర్టు క్యాన్సర్ మందు గ్లివెక్‌కి పేటెంట్ నిరాకరించింది దీని ఆధారంగానే. కొత్తదనానికి కొలత ఎంత కఠినంగా ఉండాలో ట్రిప్స్ ఎక్కడా చెప్పలేదు కాబట్టి ఏ దేశమైనా ఇలా చేయొచ్చు. నన్నడిగితే ముందు డబ్బు పెట్టాల్సింది పేటెంట్ పరీక్షకుల శిక్షణ మీద.

ఇక కంపల్సరీ లైసెన్స్, అంటే పేటెంట్ యజమాని ఒప్పుకోకపోయినా ఆ మందు తయారీకి ప్రభుత్వం ఇచ్చే అనుమతి. సొంతంగా మందు తయారుచేసుకోలేని దేశానికి దాన్ని సరిగ్గా వాడుకోవడం కష్టం కావచ్చని డబ్ల్యూటీఓ 2001 దోహా ప్రకటనే ఒప్పుకుంది. 2003లో ఇలాంటి లైసెన్స్‌తో వేరే దేశంలో మందు తయారుచేసి ఆ దేశాలకు ఎగుమతి చేయడానికి దారి తెరిచారు. 2007 జులైలో రువాండా హెచ్‌ఐవీ మందు కావాలని తెలియజేస్తే, కెనడా నుంచి తొలి విడత బయలుదేరింది 2008 సెప్టెంబరులో. ఈ దారిలో ఏ దేశానికి, ఎన్ని మాత్రలు అన్నది ముందే తేల్చాలి, ప్యాకింగ్ వేరుగా ఉండాలి, వివరాలు వెబ్‌సైట్లో పెట్టాలి. మా కంపెనీలోనూ ఒకసారి ఈ దారి గురించి చర్చ వచ్చింది. ఒక్క ఆర్డర్ కోసం ఇంత తతంగమా అని అక్కడితో వదిలేశారు. నాకు చాలా బాధేసింది, కానీ వాళ్ల లెక్క తప్పనీ అనలేకపోయాను.

2013 మరకేష్ ఒప్పందం చూడండి. అంధులు చదవగలిగే రూపంలో పుస్తకాలు తయారుచేసి దేశాల మధ్య పంపుకోవడానికి కాపీరైట్ మినహాయింపు ఇస్తుంది. అందులో చేరిన దేశాలు ఆ మినహాయింపును తమ చట్టంలో పెట్టి తీరాలి. పుస్తకం పుస్తకానికీ ప్రభుత్వాల మధ్య దరఖాస్తులు అక్కర్లేదు. మందులకూ ఇలాంటి పద్ధతి రావాలి.

వాణిజ్య ఒప్పందాల్లో డేటా ఎక్స్‌క్లూజివిటీ అనే మాట కోసం కూడా వెతకండి. మా పట్టికలో పేటెంట్ లేదని తేలిన దేశంలోనే ఒకసారి మందు రిజిస్టర్ చేయలేకపోయాం. మొదటి కంపెనీ ట్రయల్స్ డేటా ఆధారంగా జనరిక్‌కి అనుమతి ఇవ్వకూడదని ఒప్పందంలో ఉంది. ట్రిప్స్ అడిగేది ఆ డేటాను అన్యాయమైన వ్యాపార వాడకం నుంచి కాపాడమనే. కానీ 2004లో అమెరికా మధ్య అమెరికా దేశాలతో చేసుకున్న ఒప్పందంలో ఇది కనీసం ఐదేళ్ల నిషేధం అయింది.