లావుపాటి గుండ్రటి ఫాంట్‌లో తెలుగు టైటిల్ ముద్దలా కనిపిస్తోంది. ఫాంట్ మార్చాలా?

పిల్లల పుస్తకం అట్టకి బలూ తమ్ముడు అనే లావుపాటి ఫాంట్ వాడానని, టైటిల్ అలుక్కుపోయినట్టుందని రాశారు. ఫాంట్ మార్చక్కర్లేదండీ. ఇదే ముద్దని నేను అచ్చు వేయించి మరీ చూశాను.

నాది క్విజ్ కార్డుల పెట్టె. మూత మీద 'పాఠాలు - ఆటలు' అని 90 పాయింట్లలో వేశాను, బ్రహ్మాండంగా వచ్చింది. అదే టైటిల్‌ని కుదించి పెట్టె అంచు మీద 14 పాయింట్లలో పెట్టాను. పెట్టె చేతికందిన పాప అంచు చూసి "పారాలు అంటే ఏంటి?" అంది. ఠకీ రకీ తేడా లోపలి చుక్కే కదా. ఆ చుక్క చుట్టూ మిగిలిన వెంట్రుకవాసి తెలుపు ఇంకుతో పూడుకుపోయి నల్లటి ఉండ తయారైంది. థ కూడా ఇలాగే దెబ్బతింటుంది. అప్పట్నుంచి లావు ఫాంట్‌లో నల్లగీత కంటే ముందు లోపలి తెలుపు చూస్తాను. అలాంటి ఫాంట్‌ని 30 పాయింట్ల కిందకి దించను.

ఇంకో తప్పు కూడా చేశాను, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. మొదటి బలూ తమ్ముడు ఒకే వెయిట్‌లో, అంటే ఒకే గీత మందంలో వచ్చింది, అదే బాగా లావు. దాని మీద బోల్డ్ బటన్ నొక్కాను. అలా నొక్కితే సాఫ్ట్‌వేర్ గీత చుట్టూ ఇంకాస్త మందం పులుముతుంది, అది లోపలికీ పెరుగుతుంది. మీరూ నొక్కి ఉంటే ముందు అది తీసేయండి. తర్వాత దాని కొత్త రూపం బలూ తమ్ముడు 2 దించుకోండి, ఉచితమే. అందులో 400 నుంచి 800 దాకా అయిదు వెయిట్లున్నాయి. (బలూ ఫాంట్లు చేసిన ఏక్ టైప్ వాళ్లు భాషకో పేరు సరదాగా పెట్టారు: తమిళానికి తంబి, కన్నడకి తమ్మ, మలయాళానికి మాత్రం చేట్టన్, అంటే అన్నయ్య.)

గుండ్రటి ఫాంట్ అనగానే ఇంగ్లీషు నమూనాలే మనసులో ఉంటాయి. 1979లో ఫోక్స్‌వ్యాగన్ కోసం చేసిన వీఏజీ రౌండెడ్ చూడండి. నిలువు గీతల కొసలు గుండ్రంగా ఉండటమే దాని అందం. మన అక్షరాలు పుట్టుకతోనే గుండ్రం. కొసలు కనిపించేది తలకట్టు దగ్గరా, ఇంకొన్ని చోట్లా, అంతే. కాబట్టి తెలుగులో ముద్దుతనం గుండ్రదనం వల్ల కాక లావు వల్లే ఎక్కువ వస్తుంది. అందుకే 800 నుంచి 700కి దిగినా పెద్దగా పోయేదేమీ ఉండదు.

టైటిల్ రెండు వరుసలైతే వత్తులు చూసుకోండి. పై వరుస వత్తు కింది వరుస గుడికి గుద్దుకుంటుంది. లైన్ స్పేసింగ్ పెంచితే టైటిల్ రెండు ముక్కలైనట్టు ఉంటుంది, నాకది నచ్చదు. వత్తు కింద గుడి పడకుండా వరుసని వేరే మాట దగ్గర విరుస్తాను.

అక్షరాల చుట్టూ రంగు అంచు పెట్టే ఆలోచన ఉంటే, ఆ రంగు చిన్న ఖాళీల్లోకి కూడా దిగుతుంది. అక్షరం ముదురుగా, అంచు బాగా లేతగా ఉంచండి.

టైటిల్ ఏమిటో రాయలేదు మీరు. ఠ, థ లాంటివి ఉంటే 700లో ఒక ప్రింటు తీసి, చేయి చాచినంత దూరంలో పెట్టి చదివి చూడండి.