సమాధానం: గ్రాన్యులోసా కణాలకు రంగు పట్టకపోవడం యాంటీబాడీ తప్పు కాదు

మకాక్ కోతి అండాశయంలో ప్రొజెస్టిరాన్ రిసెప్టార్ (ప్రొజెస్టిరాన్ హార్మోన్‌ను అందుకునే ప్రొటీన్) ఎక్కడుందో చూద్దామని యాంటీబాడీతో స్టెయిన్ చేస్తే కార్పస్ లూటియానికి (అండం విడుదలయ్యాక ఫాలికల్ మారి ఏర్పడే భాగం) రంగు పట్టింది, పెరుగుతున్న ఫాలికల్స్‌లో (అండం పెరిగే సంచుల్లో) అండం చుట్టూ ఉండే గ్రాన్యులోసా కణాలు ఖాళీగా ఉన్నాయి, ఎలుకల గురించి చదివినదానికి ఇది పొసగడం లేదని కదా మీ టెన్షన్! కంగారు పడకండి, కోతిలో అలాగే ఉండాలి. గ్రాన్యులోసా కణాలు ఈ రిసెప్టార్‌ను ఎల్‌హెచ్ (అండం విడుదలయ్యేలా చేసే హార్మోన్) ఒక్కసారిగా పెరిగాకే తయారుచేస్తాయి. ఎలుకలోనూ మొదలు ఇంతే, కాకపోతే అక్కడ కొన్ని గంటల్లోనే తగ్గిపోతుంది, లూటియల్ కణాల్లో, అంటే కార్పస్ లూటియం కణాల్లో, కనపడదు. ప్రైమేట్లలో మాత్రం అండం విడుదలయ్యాక కూడా ఉంటుంది. అంటే కార్పస్ లూటియం తను తయారుచేసే ప్రొజెస్టిరాన్‌కు తనే స్పందించగలదు. నాకు ఈ తేడా చాలా ముఖ్యం అనిపిస్తుంది.

ఒక్కటి చూసుకోండి: రంగు కణకేంద్రకంలోనే ఉందా? సైటోప్లాజమంతా మసకగా పరుచుకుంటే అది బ్యాక్‌గ్రౌండే. రంగు పట్టాల్సిన గర్భాశయం సెక్షన్ ఒకటి, ప్రైమరీ యాంటీబాడీ (రిసెప్టార్‌ను పట్టుకునేది) వేయని, రంగు పట్టకూడని స్లైడ్ ఒకటి తప్పకుండా పక్కన పెట్టి చేయండి.