మీ నాయనకి అన్నం పెట్టే ముందు

ఒరేయ్ చిన్నోడా,

పక్షవాతం వచ్చిన మీ నాయనని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకుని, ఉద్యోగానికి సెలవు పెట్టి నువ్వే చూసుకుంటానన్నావంట. మీ అమ్మ ఫోన్‌లో చెప్తుంటే ఎంత గర్వంగా అనిపించిందో! ఫోన్ పెట్టేశాక మాత్రం దడ పట్టుకుంది. మందులు, పక్క మార్చడం, వ్యాయామాలు నువ్వే నేర్చుకుంటావు. నా భయమంతా ఆ నాలుగు ముద్దల దగ్గరే.

మీ పెదనాన్నకి పక్షవాతం వచ్చినప్పుడు నేను చేసిన పని ఇంతవరకు ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. ముక్కులో ట్యూబు తీసేసి, "మెత్తగా పెట్టండమ్మా" అని పంపించారు. మెత్తగా అంటే పల్చగా అనుకున్నాను. పల్చగా ఉంటే తేలిగ్గా దిగుతుంది కదా అని మొలగొలుకుల అన్నం గుజ్జుగా పిసికి, మజ్జిగ పోసి, నీళ్లలా చేశాను. దిండుకి ఆనుకుని సగం పడుకున్న మనిషికి గ్లాసుతో నోట్లో పోశాను. ఆయన దగ్గలేదు. దగ్గలేదు కాబట్టి బాగానే దిగుతోందని సంబరపడ్డాను. గొంతు మాత్రం పుక్కిలిస్తున్నట్టు గరగరలాడేది. కఫం అనుకున్నాను. నాలుగో రాత్రి ఒళ్లు కాలిపోయింది. కావలి నుంచి నెల్లూరు దాకా కారులో ఆయన తల నా ఒళ్లోనే ఉంది. న్యుమోనియా అన్నారు. నేను పోసిన మజ్జిగే ఊపిరితిత్తుల్లోకి పోయింది.

నీళ్లే అన్నిటికన్నా కష్టమని అప్పుడు తెలిసింది నాకు. పల్చటిది గబుక్కున జారి, గాలిగొట్టం మూసుకునేలోపే అందులోకి పోతుందంట. పక్షవాతంలో గొంతుకి స్పర్శ తగ్గితే దగ్గు కూడా రాదు.

మళ్లీ నోటితో పెట్టడం మొదలుపెట్టిన రోజుల్లో ఆక్యుపేషనల్ థెరపిస్టు ఒకమ్మాయి వచ్చింది. ఆ థెరపీ అంటే చేతికి వ్యాయామం అనుకునేదాన్ని, తినడం లాంటి రోజువారీ పనులు మళ్లీ సొంతంగా చేసుకునేలా నేర్పించడమంట. ఆ పిల్ల ముందు గిన్నె ముట్టుకోలేదు. ఆయన్ని కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, పాదాల కింద పీట వేసి, ఒరిగే వైపు దుప్పటి మడిచి పెట్టింది. గ్లవుజు తొడుక్కుని పడిపోయిన వైపు బుగ్గ తెరిచి చూపించింది. పొద్దున నేను పెట్టిన మెతుకులు అక్కడే ఉన్నాయిరా! ఆ వైపు ఏమున్నా ఆయనకి తెలియడం లేదు.

తర్వాత చెంచా పిడికి గుడ్డ చుట్టి లావు చేసి, ఆయన చేతిలోనే పెట్టి, మణికట్టు కింద తన చెయ్యి ఆనించింది. తన చేత్తో తెచ్చుకుంటే ముద్ద వస్తోందని నోరు ముందే సిద్ధపడుతుందంట. కంచం జారకుండా కింద తడిగుడ్డ పరిచింది. ఆరు చెంచాల చిక్కటి రాగిజావకి నలభై నిమిషాలు పట్టింది. మొదటి చెంచా సాయం లేకుండా నోటికి చేరిన రోజు మీ పెదనాన్న మా ఎవరి వైపూ చూడలేదు. ఆ చెంచానే చూసుకుంటూ కూర్చున్నాడు.

అందుకే డిశ్చార్జికి ముందే థెరపిస్టుని పట్టుకో. జావ ఎంత చిక్కగా ఉండాలో చెంచా వంపి చూపించమను. గడ్డం కిందికి దించి మింగాలా వద్దా అన్నది కూడా వాళ్లే చెప్పాలి, అందరికీ ఒకటే పనికిరాదు. అవసరమైతే ఎక్స్‌రేలో మింగడం చూసి మాటతో పాటు మింగడం కూడా చూసే స్పీచ్ థెరపిస్టుతో కలిసి నిర్ణయిస్తారు. చారన్నం వద్దు, నీళ్లూ మెతుకులూ విడిపోతాయి. కంచంలో ఒక పక్క వదిలేస్తే రుచించలేదనుకోకు, ఆ పక్క చూపు ఆనడం లేదేమో కనుక్కో. నిద్రమత్తులో ఉంటే పెట్టొద్దు. రెండు చెంచాలకోసారి "ఆ" అనిపించు. గొంతు తడిగా వినిపిస్తే ఆపేయ్. తిన్నాక అరగంట కూర్చోబెట్టు, నోరు శుభ్రం చెయ్యి. టీవీ ఆపు, నీ ఫోన్ కూడా. నువ్వు దాన్నే చూసుకుంటూ తినిపిస్తావని నాకు తెలుసు, నీ అన్నం కూడా అలాగే తింటావు.

చూడ్డానికొచ్చే చుట్టాలు మలై కాజా తెస్తారు. "ఒక్క ముక్కేగా, పాపం" అంటారు. మొహమాటపడ్డావంటే ఊరుకోను. మీ నాయన చేపల పులుసు అడుగుతాడు, అడక్కుండా ఉండడు. థెరపిస్టు సరే అన్నాక ముల్లు ఏరి గుజ్జు చేసి నేనే పంపిస్తాను.

గుడ్డ చుట్టిన ఆ చెంచా ఇంకా నా దగ్గరే ఉంది నాయనా. మీ పెదనాన్న పోయాక కూడా పడెయ్యలేకపోయాను. ఆదివారం పొద్దున బస్సుకి తీసుకుని వస్తాను. మధ్యాహ్నం నువ్వు తినిపించు, నేను పక్కన కూర్చుంటాను.

మీ పెద్దమ్మ