బాబ్‌క్యాట్‌కి సామాన్ల పెట్టె: వెనక తలుపు మీద మాత్రం వద్దు

సరుగుడు, నీలగిరి తోటల్లో దుంగలు లాగే బాబ్‌క్యాట్‌కి (ముందు బకెట్ ఉండే చిన్న లోడర్ బండి) కోత మిషన్ (చైన్‌సా), గొలుసులు, పానాలు పెట్టుకునే పెట్టె ఎక్కడ బిగించాలి, క్యాబిన్‌కే వెల్డింగ్ చేయించొచ్చా అని అడిగారు.

క్యాబిన్ జోలికి వెళ్లకండి. బండి పల్టీ కొట్టినా, పైన కొమ్మ విరిగి పడినా మనిషిని కాపాడేది ఆ చట్రమే. దానికి రంధ్రం వేసినా, వెల్డింగ్ పెట్టినా ఆ బలం తగ్గుతుంది. పక్కల్లోనూ చోటు లేదు, బకెట్‌ని ఎత్తే బండి చేతులు దిగేటప్పుడు క్యాబిన్‌ని ఆనుకునే వస్తాయి. వెనక అద్దానికి పెట్టె అడ్డం రాకూడదు. ముందు దారి మూసుకుపోతే చాలా మోడళ్లలో ఆపరేటరు బయటపడేది అందులోంచే.

ఇక మిగిలేది వెనక భాగం. అక్కడే నేను దెబ్బతిన్నాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిపోయాక విశాఖలో పడిన చెట్లు తీసే పనితో ఈ రంగంలోకి వచ్చాను. తర్వాత భీమిలి వైపు సరుగుడు తోటల్లో పని దొరికింది. కోత మిషన్ కోసం ప్రతిసారీ గట్టు దాకా నడవలేక, ఇంజిన్‌ని మూసే వెనక తలుపుకే ఒక పెద్ద పెట్టె వెల్డింగ్ చేయించాను. కొన్నాళ్లకే బరువుకి తలుపు కీళ్లు జారి గొళ్లెం పడటం మానేసింది. అంతకంటే భయపెట్టింది ఇంకొకటి. తలుపుకీ పెట్టెకీ మధ్య సందులో ఎండిన సరుగుడు ఆకు దట్టంగా కూరుకుపోయి గాలి ఆడక ఇంజిన్ వేడి ముల్లు పైకి వెళ్లిపోయింది. ఆపి చూస్తే ఆకు ముట్టుకోలేనంత వేడెక్కి ఉంది. ఇంకాసేపు బండి ఆపకపోతే అంటుకునేదే. ఆ రోజే పెట్టె కోయించేశాను.

ఇప్పుడున్నవి రెండు చిన్న పెట్టెలు. మా బండికి తలుపుకి అటూ ఇటూ అదనపు బరువు బిగించుకోవడానికి కంపెనీ ఇచ్చిన బోల్టు రంధ్రాలున్నాయి. గాజువాక ఆటోనగర్‌లో 2 మి.మీ. రేకుతో పెట్టెలు చేయించి, మధ్యలో రబ్బరు వేసి, లాకింగ్ నట్లతో ఆ రంధ్రాలకే బిగించాను. ఎక్కడా వెల్డింగ్ లేదు. తలుపు పూర్తిగా తెరుచుకుంటుంది, రేడియేటర్‌కి గాలి ఆడుతుంది. మీ బండికి అలాంటి రంధ్రాలు ఉన్నాయో లేదో ముందు చూడండి.

కొలతలో ఒక్కటి మరవకండి: పెట్టె టైర్ల గీత దాటి బయటికి రాకూడదు. ఈ బండి నిలుచున్నచోటే తిరుగుతుంది కదా, తోకమూల చెట్టుకి కొట్టుకుంటుంది. మరీ కిందకి దించినా వెనక్కి వచ్చేటప్పుడు నరికిన మోడుకి తగులుతుంది.

మన దగ్గర ఉప్పుగాలి ఊరికే ఉండదు. అడుగున నీళ్లు పోయే చిన్న రంధ్రాలు పెట్టించండి, లోపల కూడా రెడ్ ఆక్సైడ్ కొట్టించండి. ఆకురాయి, అదనపు చైన్, ప్లగ్గు పానా నూనెగుడ్డలో చుట్టి ఉంచుతాను. అగ్నిమాపక సిలిండర్ మాత్రం పెట్టెలో కాదు, ఎక్కే దగ్గర చేతికందేలా ఉండాలి. పెట్రోలు డబ్బా బండి మీద అసలు వద్దు, గట్టున నీడలో పెట్టండి.

బరువు విషయం. బకెట్ ఖాళీగా ఉన్నప్పుడు ఈ బండి బరువులో ఎక్కువ భాగం వెనకే ఉంటుంది, పెట్టెలతో ఇంకాస్త పెరుగుతుంది. అందుకే ఖాళీ బండితో వాలు ఎక్కాల్సి వస్తే వెనక భాగం పైకి పెట్టి రివర్సులో ఎక్కండి. మొదటి వారం రోజూ సాయంత్రం బోల్టులు బిగించి చూసుకోండి, రబ్బరు సర్దుకునేదాకా అవి వదులవుతూనే ఉంటాయి.

మోడల్ పేరు, వెనక భాగం ఫోటో పెట్టండి, ఏ రంధ్రాలు పనికొస్తాయో చూసి చెబుతాను.