బరంపురం నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు అమ్మను పంపాలంటే ఎన్ని గంటల ప్రయాణం?

దూరం ఎంత, ఎన్ని గంటలు పడుతుంది, అమ్మ మొదటిసారి ఒంటరిగా వెళ్లగలరా అని అడిగారు. మాదీ బరంపురమే. మా అమ్మను చెల్లెలి దగ్గరికి ఆ ఊరికే తీసుకెళ్లాను కాబట్టి తెలిసింది చెబుతాను.

గ్లోబు మీద దారం పెట్టి కొలిస్తే సుమారు 13,000 కిలోమీటర్లు. గంటకు 900 వేగం అనుకుంటే 14, 15 గంటలు వస్తుంది. ఆ లెక్క మాత్రం అమ్మకు చెప్పకండి. ఇల్లు తాళం వేసిన దగ్గర్నుంచి అక్కడ ఇంట్లో అడుగుపెట్టేదాకా 30 గంటల పైమాటే. ఆవిడను సిద్ధం చేయాల్సింది దానికి.

మనవాళ్లకు విశాఖ అంటేనే అలవాటు. చుట్టాలుంటారు, భాష మనదే. కానీ రైల్లో విశాఖ సుమారు 280 కిలోమీటర్లు, భువనేశ్వర్ 165. పెద్దవాళ్లకు భువనేశ్వరే నయమని నా అభిప్రాయం. కారులో మూడున్నర గంటలు, అక్కణ్నుంచి ఢిల్లీకి రెండున్నర గంటలు. ఢిల్లీలో నాలుగైదు గంటల వ్యవధి ఉండేలా చూసుకోండి. అంతకన్నా తక్కువైతే, మొదటి విమానం ఆలస్యమైనప్పుడు ఆ టెన్షన్ ఆవిడ ఒక్కరే పడాలి.

ఢిల్లీ నుంచి అసలు ప్రయాణం. టికెట్ కొనేటప్పుడు కిలోమీటర్లు కాదు, గంటలు చూడండి. 2016లో ఎయిర్ ఇండియా ఈ విమానాన్ని అట్లాంటిక్ వైపు మానేసి పసిఫిక్ మీదుగా నడిపింది. దారి 15,300 కిలోమీటర్లు, పాతదానికన్నా 1,400 ఎక్కువ. అయినా సుమారు రెండు గంటలు ముందే చేరింది. అంత ఎత్తులో గాలి పడమర నుంచి తూర్పుకు బలంగా వీస్తుంది, ఏటివాలుకు వెళ్లే పడవలాగా విమానం దానితో పాటు పోతుంది. మామూలుగా 16 గంటల దాకా అనుకోండి. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసేశాక అమెరికా వెళ్లే కొన్ని విమానాలు ఇంధనం కోసం మధ్యలో ఆగాల్సి వచ్చింది. నాన్‌స్టాప్ అని రాసి ఉన్నా ఒకసారి అడిగి తెలుసుకోండి.

తెల్లవారుజామున ఎక్కితే అదే తేదీన పొద్దున్నే దిగుతారు. టైం తేడా వేసవిలో పన్నెండున్నర గంటలు, చలికాలంలో పదమూడున్నర. మా అమ్మకు ఇబ్బంది వచ్చింది బీపీ మాత్ర దగ్గరే. కిటికీలో ఎండ, కడుపులో రాత్రి భోజనం, ఇప్పుడు వేసుకోవాలా వద్దా అని మాత్ర అరచేతిలో పెట్టుకుని కూర్చుంది. మా డాక్టరుగారు ముందే మన టైం ప్రకారం కాగితం మీద రాసిచ్చారు, అమ్మ చేతివాచీ కూడా మార్చకుండా ఉంచాం. ఆ కాగితం, మందుల చీటీ చేతిసంచిలోనే ఉండాలి, సూట్‌కేసులో కాదు.

భువనేశ్వర్ నుంచి చివరిదాకా ఒకే టికెట్ తీసుకోండి. అమెరికా టికెట్‌కు సాధారణంగా 23 కిలోల పెట్టెలు రెండు ఇస్తారు, ఢిల్లీదాకా విడిగా కొంటే మామూలుగా 15 కిలోలే. మన అప్పడాలు, పచ్చళ్లు సర్దాక మేం వీధి చివర కిరాణా కొట్టు కాటా మీద తూచుకున్నాం. వీల్‌చైర్ టికెట్‌తో పాటే అడగండి. ఆవిడ నడవగలరు కదా అని మొహమాటపడొద్దు, ఢిల్లీలో చాలా దూరం నడవాలి, పైగా వీల్‌చైర్ తోసే మనిషే గేటు దాకా దగ్గరుండి తీసుకెళ్తాడు.

ప్రయాణం అక్టోబర్, నవంబర్‌లో అయితే ఒకరోజు ముందే భువనేశ్వర్ చేరి అక్కడ పడుకోండి. అవి తుఫాన్ల నెలలు, 2013లో ఫైలిన్ తుఫాను మన గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది అక్టోబర్ 12నే.