పెద్దలు కూర్చుని మాట్లాడకుండా ఇచ్చిన తలాక్ చెల్లుతుందా?

చెల్లదు, సరైన కారణం ఉండాలి, తలాక్‌కు ముందే ఇరువైపుల పెద్దలు కలిపే ప్రయత్నం చేసి ఉండాలి అని సుప్రీంకోర్టు 2002లో షమీమ్ ఆరా కేసులో చెప్పింది. దీనికి మూలం ఖురాన్‌లోనే ఉంది: ఆలుమగల మధ్య చీలిక వచ్చేలా ఉంటే అతని తరఫున ఒకరు, ఆమె తరఫున ఒకరు మధ్యవర్తులుగా కూర్చోవాలి. కోపంలో నోరు జారినంత మాత్రాన సంసారం కూలిపోకూడదు కదా.

ప్రొద్దుటూరు అబ్బాయి, కడప అమ్మాయి అనుకోండి. అతని చిన్నాన్న, ఆమె మేనమామ పంచాయితీకి కూర్చుంటారు. మెహర్ (నిఖాలో భర్త భార్యకు ఇస్తానని ఒప్పుకున్న సొమ్ము) ఎంత, పెట్టిన బంగారం ఎవరి దగ్గరుంది అన్నవి కూడా అక్కడే తేలాలి. ఎంతకీ కుదరకపోతే అతను ఒక్కసారే తలాక్ చెబుతాడు. ఆపైన ఇద్దత్, అంటే ఆమె ఆగాల్సిన గడువు: మామూలుగా మూడు నెలసరులు, గర్భిణి అయితే కాన్పు దాకా. ఈలోగా మనసు మారితే మళ్లీ నిఖా లేకుండానే కలిసిపోవచ్చు.

చాలామంది పొరబడేది నిఖాలు జరిపించే ఖాజీ దగ్గర. స్టాంపు పేపరు మీద ఆయన సంతకం పడితే కోర్టు తీర్పే అనుకుంటారు. 1880 నాటి ఖాజీల చట్టం ఆయనకు తీర్పు చెప్పే అధికారమే ఇవ్వలేదు. ఇక ఒకే ఊపున మూడుసార్లు తలాక్ అంటే, ఎంతమంది పెద్దమనుషులు సాక్షులుగా ఉన్నా అది చెల్లదు. పైగా 2019 చట్టం కింద భర్తకు 3 ఏళ్ల దాకా జైలు.